చీటీలో రాసిన మందుకు మీ జబ్బు పేరు మీద అనుమతి లేకపోతే ఏం చేయాలి?

మన దేశంలో కొత్త మందు అమ్మకానికి రావాలంటే కంపెనీ ముందుగా కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు రుజువులు చూపించాలి. ఫలానా జబ్బుకు, ఫలానా వయసు వారికి, ఫలానా మోతాదులో ఇస్తే పనిచేస్తుందని, చేసే మేలు కీడుకన్నా ఎక్కువని నిరూపించాలి. సీడీఎస్‌సీఓ అని పిలిచే ఆ సంస్థ ఒప్పుకుంటే ఆ ఫలానాలన్నీ అనుమతిలోకి ఎక్కుతాయి. వాటిలో ఏ ఒక్కటి మారినా ఆ వాడకం ఆఫ్‌లేబుల్ అవుతుంది. జబ్బు వేరు కావచ్చు, రోగి పసిబిడ్డ కావచ్చు, మోతాదు పెరగవచ్చు, కండరానికి ఇవ్వాల్సిన ఇంజెక్షన్ మరోచోట ఇవ్వవచ్చు.

ఇది అరుదైన సంగతి కాదు. పిల్లల వార్డుల్లో, క్యాన్సర్ ఆస్పత్రుల్లో, మానసిక వైద్యుల దగ్గర రోజూ జరిగేదే. వైద్యుడు ఇలా రాయకూడదని ప్రత్యేకంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. రాయవచ్చని విడమరిచి చెప్పే చట్టమూ లేదు. పాత మందుకు కొత్త ప్రయోజనం బయటపడినా, పేటెంటు గడువు తీరిపోయిన మందు మీద మళ్లీ డబ్బు పెట్టి అనుమతి తెచ్చుకోవడానికి కంపెనీలు సాధారణంగా ముందుకు రావు. అందువల్ల గట్టి రుజువులున్న వాడకాలు కూడా ఏళ్ల తరబడి అనుమతి బయటే ఉండిపోతాయి. ఏ రుజువూ లేని వాడకాలు కూడా వాటి పక్కనే చేరి, అదే మర్యాద పొందుతాయి. ఆ రెండింటినీ వేరు చేసుకోవడానికి రోగి, రోగి కుటుంబం ఏం చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఆఫ్‌లేబుల్ మందు రాయడాన్ని నేను తప్పుపట్టను. ఆ సంగతి రోగికి చెప్పకుండా రాయడాన్ని మాత్రం ఎప్పటికీ ఒప్పుకోను.

మొదట మందు అసలు పేరు పట్టుకోండి

చీటీ మీద ఉన్నది చాలాసార్లు బ్రాండు పేరు. దానితో మీకు పనిలేదు. స్ట్రిప్ వెనక బ్రాండు పేరు పక్కన చిన్న అక్షరాల్లో రసాయన నామం ఉంటుంది: అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, లెట్రోజోల్ లాంటిది. దాన్ని, దాని పక్కనున్న మిల్లీగ్రాముల సంఖ్యను ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఉంటే అన్నింటినీ రాసుకోండి. మన దగ్గర ఈ మిశ్రమాలు విపరీతంగా ఎక్కువ కనుక ఈ పని బద్ధకించవద్దు.

తర్వాత ఆ మందు దేనికి అనుమతి పొందిందో చూడాలి. డబ్బాలో మడతపెట్టిన సమాచార కాగితం ఉంటే అందులో ఏయే జబ్బులకు వాడాలో చెప్పే భాగం చదవండి. విడి స్ట్రిప్పులు కొన్నప్పుడు ఆ కాగితం చేతికి రాదు. మందుల షాపులో ఫార్మసిస్టును అడగండి, పెద్ద డబ్బాలో ఉంటే తీసి చూపిస్తారు. సీడీఎస్‌సీఓ వెబ్‌సైటులో కొత్త మందుల అనుమతుల జాబితాలు ఉన్నాయి. మందు పేరు, బలం, ఏ జబ్బుకు, ఏ తేదీన అనుమతి ఇచ్చారన్న వివరాలు వాటిలో కనిపిస్తాయి. భాష సాంకేతికంగా ఉంటుంది కానీ, ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలు ఎవరైనా వెతికి పెట్టగలరు.

ఒక జాగ్రత్త. గూగుల్‌లో ముందుగా కనిపించేది ఎక్కువగా అమెరికా సమాచారం. దేశాన్ని బట్టి అనుమతి మారుతుంది. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్ వాడటానికి బ్రిటన్‌లో అనుమతి ఉంది, అమెరికాలో అదే మందుకు డిప్రెషన్ పేరు మీద మాత్రమే అనుమతి ఉంది. కాబట్టి ఒక దేశపు జాబితాలో లేదన్నంత మాత్రాన ఆ వాడకానికి ఆధారం లేదని తీర్మానించుకోకండి.

చదివిన వెంటనే మందు మానేయకండి

అన్నింటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. మధుమేహం వల్ల అరికాళ్లు మండుతున్నాయని వెళ్లిన పెద్దాయనకు వైద్యుడు రాత్రిపూట వేసుకోమని అమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములు రాస్తారు. ఇంటికొచ్చాక కొడుకు ఫోనులో చూసి, ఇది డిప్రెషన్ మందు అంటాడు. నాకు పిచ్చి అనుకుంటున్నారా అని పెద్దాయన నొచ్చుకుంటాడు. స్ట్రిప్ చెత్తబుట్టలోకి, అరికాళ్ల మంట యథాతథం. మళ్లీ వెళ్లినప్పుడు వాడుతున్నానని అబద్ధం చెబుతాడు, వైద్యుడు మోతాదు పెంచుతారు.

ఈ ముడి విప్పడం చాలా సులువు. డిప్రెషన్‌కు ఈ మందును మామూలుగా 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. నరాల నొప్పికి 10 తోనో 25 తోనో మొదలుపెడతారు. నొప్పి సంకేతాలను మెదడుకు చేర్చే దారిలో అది పనిచేస్తుంది, మనసు బాగాలేదన్న తీర్పు అందులో ఏమీ లేదు. ఈ నాలుగు మాటలు చీటీ రాసే ముందే చెప్పడానికి వైద్యుడికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం దొరకకపోతే మీరే అడిగి తీసుకోండి.

పైగా కొన్ని మందులను హఠాత్తుగా ఆపడం ప్రమాదం. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్లు, గాబాపెంటిన్, ప్రొప్రనొలాల్, డిప్రెషన్ మందులు నెమ్మదిగా తగ్గించుకుంటూ ఆపాల్సినవి. అనుమానం వస్తే ఆస్పత్రికి ఫోను చేయండి. సమాధానం వచ్చేదాకా మోతాదు మీరే మార్చుకోకండి. దద్దుర్లు, ఊపిరాడకపోవడం, ముఖం వాపు లాంటివి కనిపిస్తే మాత్రం ఫోనుతో కాలయాపన చేయక నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

వైద్యుణ్ణి ఎలా అడగాలి

అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం మనకు ఎక్కువ. కోపగించుకుంటే తర్వాత సరిగా చూడరన్న భయం కూడా ఉంటుంది. అందుకే మాటలతో సహా రాస్తున్నాను, మీ తీరుకు తగ్గట్టు మార్చుకోండి.

"డాక్టర్ గారూ, ఈ మందు కాగితంలో మా జబ్బు పేరు కనిపించలేదు. మాకు ఎందుకు రాశారో చెబుతారా?" అని మొదలుపెట్టండి. తప్పు పట్టినట్టు ఉండదు, తెలుసుకోవాలన్న ఆసక్తిగా ఉంటుంది. ఆలోచించి రాసిన వైద్యుడికి ఈ ప్రశ్న ఇబ్బంది కలిగించదు. జవాబు ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఆ తర్వాత ఇవి అడగండి: ఈ జబ్బుకు అనుమతి ఉన్న మందు వేరే ఉందా? ఉంటే అది మాకు ఎందుకు సరిపోదు? ఈ వాడకాన్ని నిపుణుల సంఘాల మార్గదర్శకాలు సూచిస్తున్నాయా, లేక మీ అనుభవం మీద రాస్తున్నారా? ఎన్నాళ్లకు గుణం కనిపించాలి? కనిపించకపోతే ఎప్పుడు ఆపుదాం? ఏ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి?

వీటిలో నా దృష్టిలో అతి ముఖ్యమైనది ఎప్పుడు ఆపుదామన్న ప్రశ్న. అనుమతి ఉన్న వాడకానికి ఎంతకాలం ఇవ్వాలో కాగితంలో చాలాసార్లు రాసి ఉంటుంది. ఆఫ్‌లేబుల్‌లో ఆ హద్దు ఉండదు కనుక మీరూ వైద్యుడూ కలిసి గీసుకోవాలి. గీసుకోకపోతే మూడు వారాలకని మొదలైన మందు మూడేళ్లు నడుస్తుంది. ఆ మధ్యలో వైద్యుడు మారతాడు, పాత చీటీ చూసి కొత్త వైద్యుడు అదే కొనసాగిస్తాడు, ఎందుకు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తుండదు.

మీ వైపు నుంచి కూడా ఏమీ దాచకండి. ఆయుర్వేదం, హోమియో, పక్కింటివారు ఇచ్చిన పొడి, మద్యం అలవాటు, గర్భం వచ్చే అవకాశం అన్నీ చెప్పండి. కొత్త దారిలో వాడుతున్న మందుకు ఏది అడ్డం వస్తుందో ముందుగా ఎవరూ జాబితా రాసి ఉండరు.

వివరంగా చెప్పించుకునే హక్కు మీకు ఉంది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు, చికిత్స వద్దంటే కలిగే పరిణామాలు తెలిపాకే రోగి సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే ఒక కేసులో స్పష్టం చేసింది. సంతకం పెట్టించుకున్నంత మాత్రాన సమ్మతి అయిపోదు.

చెప్పిన ఆధారం ఎంత గట్టిదో తూచండి

"అందరూ వాడుతున్నారు" అన్నది ఆధారం కాదు. "మా పేషెంట్లకు బాగా పనిచేసింది" అన్నది బలహీనమైన ఆధారం. మందు ఇచ్చిన గుంపును ఇవ్వని గుంపుతోనో, పాత చికిత్స పొందిన గుంపుతోనో పోల్చిన పెద్ద పరీక్ష గట్టి ఆధారం. ఈ తేడా ఎందుకు ప్రాణావసరమో కరోనా కాలం మన కళ్లముందే చూపించింది.

2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం మందుల షాపుల ముందు జనం ఎగబడ్డారు. అది మలేరియాకు, శరీరం తన మీద తానే దాడి చేసుకునే లూపస్ అనే జబ్బుకు, కీళ్లవాతానికి వాడే మందు. ప్రభుత్వం ఆ నెలాఖరులోనే చిల్లర అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఏళ్లుగా దాని మీదే ఆధారపడ్డ లూపస్ రోగులు మాత్రల కోసం తిరగాల్సి వచ్చింది. జూన్ నాటికి బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష, ఆస్పత్రిలో చేరిన కరోనా రోగులకు దానివల్ల ప్రయోజనం లేదని తేల్చింది. అదే నెలలో, అదే పరీక్షలో, డెక్సామెథసోన్ అనే చవకైన పాత స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడింట ఒక వంతు తగ్గించిందని తేలింది. రెండూ ఆఫ్‌లేబుల్ ఆలోచనలే. ఏది నిలబడుతుందో పరీక్ష చేసేదాకా ఎవరికీ తెలియలేదు.

కథ అక్కడ ఆగలేదు. ఆ పరీక్షలోనే ఆక్సిజన్ అవసరం లేని రోగులకు డెక్సామెథసోన్ వల్ల మేలు కనిపించలేదు. ఆ సగం మాట వదిలేసి, రెండో ఉద్ధృతిలో జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే ఇళ్లలో స్టెరాయిడ్లు మింగారు. చక్కెర పెరిగింది, రోగనిరోధక శక్తి తగ్గింది, మధుమేహులను బ్లాక్ ఫంగస్ పట్టుకుంది. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. కళ్లు పోయినవారు, దవడ ఎముకలు తీయించుకున్నవారు మన ఊళ్లలోనే ఉన్నారు. అందుచేత ఆధారం ఉందని చెప్పినప్పుడు, ఎవరికి, ఏ దశలో, ఎంత మోతాదులో ఉందని కూడా అడగండి.

సంతాన చికిత్సలో రాసే లెట్రోజోల్ ఉదంతం ఇంకా నేర్పుతుంది. అది ముట్లుడిగిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందిన మందు. అండం విడుదల కాని స్త్రీలకు పనికొస్తుందని తెలిసి మన దేశంలో దాన్ని విస్తృతంగా రాయడం మొదలుపెట్టారు, అనుమతి లేకుండానే ఆ ప్రయోజనం పేరుతో ప్రచారమూ జరిగింది. 2011 అక్టోబరులో ఆ వాడకాన్ని కేంద్రం నిషేధించింది. 2014లో అమెరికాలో, అండాశయాల్లో లోపం వల్ల అండం సరిగా విడుదల కాని పీసీఓఎస్ అనే సమస్య ఉన్న 750 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో, పాత మందు క్లోమిఫెన్ వాడినవారిలో 19.1 శాతం మంది బిడ్డను కంటే లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మంది కన్నారు. 2017లో మన దగ్గర నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు ఆ సమస్యకు ఎక్కువమంది నిపుణులు ముందుగా ఎంచుకునేది అదే.

మందు మంచిదేనని తర్వాత తేలింది కాబట్టి ముందు చేసిన ప్రచారం ఒప్పయిపోదు. ఆ రోజున ఆ స్త్రీలకు ఎవరూ రుజువులు చూపలేదు, వారి మీద అనుమతి లేని ప్రయోగం జరుగుతోందని చెప్పనూ లేదు. ఈ మందు మీకు రాస్తే క్యాన్సర్ మందని కంగారు పడకండి. కానీ మొదలుపెట్టే ముందు గర్భం లేదని పరీక్షతో నిర్ధారించుకోండి. గర్భంలో ఉన్న శిశువుకు అది హాని చేయగలదు.

కంటి విషయం కొంచెం వేరు. మధుమేహం వల్ల, వయసు వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ ఇస్తారు. పెద్దపేగు క్యాన్సర్‌కు వచ్చిన ఆ మందు, వయసు వల్ల దెబ్బతిన్న కళ్లలో, కంటికే ప్రత్యేకంగా తయారైన ఖరీదైన రానిబిజుమాబ్‌తో సమానంగా చూపు కాపాడుతుందని 2011లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన పరీక్ష చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో కంటి చికిత్స కోసం దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది కూడా. ఇక్కడ ప్రమాదం మందులో తక్కువ, దాన్ని పంచడంలో ఎక్కువ. క్యాన్సర్‌కు సరిపడే సీసాలోంచి కంటికి కావలసిన అతి చిన్న మోతాదులు విడదీయాలి, ఆ పని సూక్ష్మక్రిములు చేరకుండా జరగాలి. 2016 జనవరిలో గుజరాత్‌లో కొందరు రోగులకు కళ్లు దెబ్బతిన్నాక దేశమంతటా హెచ్చరిక జారీ చేశారు, రెటీనా నిపుణుల వాదన విన్నాక సడలించారు. మీకు ఈ ఇంజెక్షన్ చెబితే మందు గురించి వాదించకండి. మోతాదులు ఎక్కడ విడదీస్తారు, ఏ పద్ధతిలో, సీసా ఎక్కడ కొంటారు అని అడగండి. ఇంజెక్షన్ తర్వాత కన్ను ఎర్రబడి నొప్పి పెరిగితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోండి.

చెప్పేది వైద్యమా, అమ్మకమా గుర్తుపట్టండి

వైద్యుడు తన ఎదుట ఉన్న రోగికోసం ఆలోచించి అనుమతి దాటడం ఒక సంగతి. కంపెనీ అనుమతి దాటి ప్రచారం చేయడం పూర్తిగా వేరే సంగతి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం, పాత మందునే కొత్త జబ్బుకు పనికొస్తుందని అమ్మాలంటే అది మళ్లీ కొత్త మందుతో సమానం, మళ్లీ అనుమతి కావాలి. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన ఔషధ మార్కెటింగ్ నియమావళి కూడా ప్రచారం అనుమతికి లోబడే ఉండాలని, వైద్యులకు బహుమతులు ఇవ్వకూడదని చెబుతోంది.

అనుమతి దాటిన ప్రచారం ఎంత దూరం పోగలదో అమెరికాలో గాబాపెంటిన్ కథ చెబుతుంది. 1993 చివర మూర్ఛవ్యాధికి, అదీ వేరే మందుకు తోడుగా ఇవ్వడానికి మాత్రమే దానికి అనుమతి వచ్చింది. కంపెనీ మాత్రం తలనొప్పికి, రకరకాల నొప్పులకు, మనసు ఒకసారి విపరీతంగా పొంగి మరోసారి కుంగిపోయే బైపోలార్ జబ్బుకు పనికొస్తుందని వైద్యుల చెవిన వేయించింది. లోపల పనిచేసిన డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త 1996లో కోర్టుకెక్కారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2004లో, ఆ కంపెనీని అప్పటికే కొనేసిన ఫైజర్ 43 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. బైపోలార్ జబ్బుకు పరీక్షిస్తే గాబాపెంటిన్ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగు కాదని తేలింది. నిజమైన మందుతో దక్కాల్సిన కాలాన్ని ఎంతమంది రోగులు పోగొట్టుకున్నారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది. ఒక జబ్బుకు వచ్చిన అనుమతిని చూపి పది జబ్బులకు అంటగట్టడం అచ్చంగా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

మన ఊళ్లలో ఈ అమ్మకం వేరే వేషాల్లో కనిపిస్తుంది. పెళ్లికి ముందు పది కిలోలు తగ్గిస్తామని చర్మ సౌందర్య క్లినిక్కులు ఇచ్చే సెమాగ్లూటైడ్ చూడండి. మన దేశంలోకి 2022లో వచ్చిన దాని మాత్రకు అనుమతి మధుమేహం పేరు మీద. బరువు తగ్గించడానికని అనుమతి పొందిన ఇంజెక్షన్ 2025లో వచ్చింది. అది కూడా స్థూలకాయం ఉన్నవారికి, లేదా అధిక బరువుతో పాటు దానికి సంబంధించిన జబ్బులున్నవారికే, కాస్త సన్నబడాలని ముచ్చటపడేవారికి కాదు. ముఖం తెల్లబడటానికని పెళ్లి కూతుళ్లు రాసుకునే బీటామెథసోన్, క్లోబెటసాల్ లేపనాలు ఎగ్జిమా లాంటి చర్మ జబ్బులకు, సోరియాసిస్‌కు ఉద్దేశించిన స్టెరాయిడ్లు. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి ఎర్రబడుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి, మానేస్తే మంట. 2018లో ఇలాంటి పైపూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. అయినా చీటీ అడగకుండా ఇచ్చే షాపులు ఉన్నాయి. ఒళ్లు నొప్పులకని వెళ్తే పేరు చెప్పకుండా డెక్సామెథసోన్ సూది వేసే ఆర్‌ఎంపీల సంగతి పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. పేరు చెప్పని సూది వేయించుకోకండి, అంతే.

గుర్తుపట్టడానికి నేను చూసేవి ఇవి. షెడ్యూల్ హెచ్ మందును సామాజిక మాధ్యమాల్లో, హోర్డింగుల మీద ప్రజలకు ప్రకటించారంటే అక్కడే ఆగిపోండి, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా అలాంటి ప్రకటనలు ఇవ్వకూడదు. మధుమేహం, స్థూలకాయం, క్యాన్సర్, సంతానలేమి సహా 54 జబ్బులకు మందుతో నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 చట్టం నిషేధిస్తోంది. ప్యాకేజీ ధర ముందు చెప్పి పరీక్షలు తర్వాత చేసేవారు, మందు తమ దగ్గరే కొనాలనేవారు, స్ట్రిప్ కత్తిరించి పొట్లంలో కట్టి ఇచ్చేవారు, దుష్ప్రభావాలేమీ లేవని ఒట్టేసేవారు అమ్ముతున్నారని అర్థం.

మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేసే మన పిల్లలకు కూడా ఒక మాట. నెలాఖరు టార్గెట్ల ఒత్తిడి ఎంతటిదో నాకు తెలుసు. అనుమతి లేని వాడకాన్ని వైద్యుడికి చెప్పమని మేనేజరు నోటిమాటగా ఆదేశిస్తే, ఈమెయిల్‌లో పంపమని వినయంగా అడగండి. రాతపూర్వకంగా ఇవ్వడానికి వెనకాడారంటే ఆ పని ఎలాంటిదో మీకే తెలిసిపోతుంది.

పిల్లలు, గర్భిణులు, పెద్దవారు

పిల్లలకు రాసే మందుల్లో చాలావాటికి పిల్లల మీద చేసిన పరీక్షలే లేవు, కనుక ఆఫ్‌లేబుల్ తప్పదు. మీరు చేయాల్సింది బరువు. ప్రతిసారీ తూయించి, ఆ కిలోల లెక్కన మోతాదును మిల్లీలీటర్లలో రాయించుకోండి. చెంచాలతో కొలవకండి, సీసాతో వచ్చిన కొలత గొట్టం వాడండి. పెద్దల మాత్రను సగం విరిచి ఇవ్వడం సొంత నిర్ణయంగా ఎప్పుడూ వద్దు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వడాన్ని 2011లోనే నిషేధించారు. ఇంట్లో పెద్దలకు తెచ్చిన ఆ మాత్ర పిల్లల జ్వరానికి వాడేవారు ఇంకా ఉన్నారు.

పిల్లలను కనే వయసులో ఉన్న స్త్రీకి మైగ్రేన్‌కో, మూడ్ మార్పులకో సోడియం వాల్‌ప్రోయేట్ రాస్తే, గర్భం వస్తే ఏమవుతుందని తప్పక అడగండి. అది శిశువులో పుట్టుక లోపాలకు, ఎదుగుదల సమస్యలకు కారణం కాగలదు. మూర్ఛకు వాడుతున్నవారు భయపడి సొంతంగా ఆపకూడదు, వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్న పెద్దవారు రాత్రిళ్లు అరుస్తున్నారని, తిరుగుతున్నారని క్వెటియాపిన్, రిస్పెరిడోన్ రాయడం మామూలైపోయింది. ఇవి స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకు వచ్చిన మందులు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. ఒక్కోసారి ఇంట్లో పరిస్థితి చేయి దాటితే తప్పకపోవచ్చు. రిస్పెరిడోన్‌కు బ్రిటన్‌లో అల్జీమర్స్ రోగుల దూకుడుకు అనుమతి ఉంది, అది ఆరు వారాల లోపే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇక్కడి తల్లిదండ్రుల చికిత్స చూసుకునే పిల్లలు వీడియో కాల్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఈ మందు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆపాలని రాశారు? దానికి ముందు మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నొప్పి, కళ్లజోడు, వినికిడి యంత్రం లాంటివి చూశారా? చాలాసార్లు ఆ అరుపుల వెనక చెప్పుకోలేని నొప్పి ఉంటుంది.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

ఖరీదైన ఆఫ్‌లేబుల్ మందు, ముఖ్యంగా క్యాన్సర్ మందు, మొదలుపెట్టే ముందు ఆరోగ్య బీమా కంపెనీకి రాయండి. పాలసీల్లో నిరూపితం కాని చికిత్సలకు చెల్లించబోమనే నిబంధన సాధారణంగా ఉంటుంది, దాన్ని చూపి తిరస్కరిస్తారు. వైద్యుడి చేత రెండు పేరాల లేఖ రాయించుకోండి: రోగ నిర్ధారణ, ఇంతకుముందు వాడి విఫలమైన మందులు, ఈ మందును సూచిస్తున్న మార్గదర్శకం పేరు, ఎన్ని డోసులు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. కంపెనీ ఫిర్యాదుల విభాగం తర్వాత, బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది.

వాడటం మొదలుపెట్టాక

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఎందుకు, ఎప్పుడు ఆపి చూడాలి, మొదటి పేజీలో ఇవి నాలుగూ. ఆ తర్వాత రోజువారీ కాదు, ఏదైనా తేడా కనిపించిన రోజు రాయండి. నొప్పికైతే పదికి ఎంతో అంకె వేయండి, గుణం ఉందా లేదా అన్న వాదన తగ్గుతుంది. వేరే ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా ఆ పుస్తకం పట్టుకెళ్లండి.

దుష్ప్రభావం అనిపిస్తే వైద్యుడికి చెప్పడంతో పాటు దేశ ఔషధ భద్రతా కార్యక్రమానికి కూడా తెలపండి. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. ఉచిత ఫోను నంబరు 1800-180-3024, పనిదినాల్లో అందుబాటులో ఉంటుంది. రోగులు స్వయంగా నింపే పత్రం తెలుగులో కూడా ఉంది. మందే కారణమని మీరు నిరూపించక్కరలేదు, అనుమానం చాలు. బోధనాసుపత్రుల్లో దీనికోసం కేంద్రాలున్నాయి, ఫార్మకాలజీ విభాగంలో అడగండి. ఆఫ్‌లేబుల్ వాడకంలో ఏం జరుగుతోందో లెక్క కట్టేవారు తక్కువ కాబట్టి ఒక్కో నివేదికకూ విలువ ఎక్కువ. ఫ్రాన్స్‌లో మధుమేహులకని వచ్చిన బెన్‌ఫ్లోరెక్స్‌ను సన్నబడటానికి లక్షలమంది మింగారు. ఇరెన్ ఫ్రాషోన్ అనే ఊపిరితిత్తుల వైద్యురాలు గుండె కవాటాలు దెబ్బతిన్న రోగులను ఒక్కొక్కరినీ లెక్కగట్టి పట్టుబట్టాకే 2009లో అది మార్కెట్ నుంచి పోయింది.

ప్రకటనల మీద, చీటీ లేని అమ్మకాల మీద, లేబుల్‌పై తప్పుడు వాగ్దానాల మీద ఫిర్యాదు చేయాలంటే తెలంగాణలో ఔషధ నియంత్రణ విభాగం ఉచిత నంబరు 1800-599-6969. ఆంధ్రప్రదేశ్‌లో మీ జిల్లా ఔషధ నియంత్రణ అధికారుల కార్యాలయానికి వెళ్లండి. ప్రకటన ఫొటో, స్ట్రిప్ రెండు వైపులా కనిపించే ఫొటో, బ్యాచ్ నంబరు, బిల్లు జతచేయండి. బిల్లు లేకపోతే ఫిర్యాదు సగం బలం కోల్పోతుంది. అందుకని అడగడానికి ఎంత మొహమాటంగా ఉన్నా, ఒక్క స్ట్రిప్ కొన్నా సరే బిల్లు తీసుకోండి, మందు అయిపోయేదాకా స్ట్రిప్‌లో పేరు, గడువు తేదీ ఉన్న భాగాన్ని చివరిదాకా ఉంచుకుని రెండో వైపు నుంచి మాత్రలు తీసుకోండి.